ఇంట ఇమడని కొడుకు: సువర్ణరేఖాతీరాన మూడు చలనచిత్రాలు

సువర్ణరేఖ పెద్ద నది కాదు. రాంచీ పీఠభూమిలో పుట్టి, జార్ఖండ్, పశ్చిమబెంగాల్, ఒడిశా రాష్ట్రాల గుండా సాగి, 400 కిలోమీటర్లైనా నిండకుండానే బంగాళాఖాతంలో కలిసిపోతుంది. దాని ఇసుకలో బంగారు రేణువులు దొరకుట చేత ఆ పేరు వచ్చినదని చెప్పుకొంటారు. ఇసుకను కడిగి ఆ రేణువులను ఏరుకొని బ్రతికిన కుటుంబాలు ఆ తీరాన తరతరాలుగా ఉన్నవి. శ్రమ కొండంత, దొరికేది రవ్వంత. గంగకు ఉన్న పురాణప్రశస్తి గాని, గోదావరికి ఉన్న కావ్యప్రశస్తి గాని ఈ నదికి లేదు. అయినప్పటికీ భారతీయ కుటుంబజీవితంలో గత నూరేండ్లలో వచ్చిన ఒక ముఖ్యమైన మార్పునకు ఈ తీరం సాక్షిగా నిలిచినది. ఆ మార్పు పెద్దలకు, ఎదుగుతున్న పిల్లలకు మధ్య వచ్చినది.

2010 మే నెలలో ఫ్రాన్సు దేశంలోని కాన్ చలనచిత్రోత్సవంలో, ‘అన్ సర్టెన్ రిగార్డ్’ అనే విభాగంలో ‘ఉడాన్’ అనే హిందీ చిత్రం ప్రదర్శింపబడినది. ఉడాన్ అంటే ఎగురుట. ఆ ఉత్సవపు అధికార విభాగాలలో భారతీయ చిత్రానికి చోటు దొరకుట ఏడేండ్ల తరువాత అదే మొదలు. దర్శకుడు విక్రమాదిత్య మోత్వానేకు అది తొలి చిత్రం. అంతకు పూర్వం అతడు సంజయ్ లీలా భన్సాలీ వద్ద సహాయకుడుగా పనిచేసినాడు. కథను అతడు, అనురాగ్ కాశ్యప్ కలిసి వ్రాసినారు. అదే సంవత్సరం జూలై 16న మన దేశంలో విడుదలైన ఆ చిత్రంలో పేరుమోసిన కథానాయకుడు లేడు, నాయిక అసలే లేదు. పదిహేడేండ్ల కుర్రవాడొకడు, అతని తండ్రి, అతడెన్నడూ చూడని ఆరేండ్ల తమ్ముడు, ఒక ఉక్కునగరం. ఇంతే దాని సామగ్రి.

ఇంటిలో గాని, ఊరిలో గాని ఇమడలేని కుర్రవాని కథ కొత్తది కాదు. కాని ‘ఉడాన్’ కథ జరిగే జంషెడ్‌పూర్ సువర్ణరేఖ ఒడ్డున ఉన్నది. అదే నది ఒడ్డున, అక్కడికి ఎంతో దూరం లేని ఘాట్‌శిలా అనే చిన్న ఊరిలో, అపూ అనే మరొక కుర్రవానిని సృష్టించిన వంగ నవలాకారుడు విభూతిభూషణ్ బందోపాధ్యాయ కన్నుమూసినాడు. ఆ రెండు కథలకు నడుమ, 1960లలో, ఆ నది పేరునే తన పేరుగా పెట్టుకొన్న ఇంకొక చిత్రం వచ్చినది. ఈ మూడింటిని వరుసలో ఉంచి చూచినప్పుడు ఒక ప్రశ్న పైకి వస్తుంది. పిల్లవాడు ఇల్లు విడిచి తన దారిన పోవడానికి ఒక మూల్యం చెల్లింపవలసి ఉంటుంది. ఆ మూల్యం ఎవరు చెల్లించినారు? కాలం మారిన కొద్దీ ఆ జవాబు మారుతూ వచ్చినది.

మొదటి కథ అపూది. విభూతిభూషణుని ‘పథేర్ పాంచాలి’ 1929లో గ్రంథరూపం దాల్చినది. దాని కొనసాగింపైన ‘అపరాజితో’ 1930ల ఆరంభంలో వెలువడినది. విభూతిభూషణుడు పల్లెటూళ్లలో బడిపంతులుగా పనిచేసినవాడు. అడవులన్నా, కొండలన్నా అతనికి ప్రాణం. ఘాట్‌శిలాలో తన ఇంటికి చిన్నతనంలోనే గతించిన తొలిభార్య గౌరి పేరు పెట్టుకొన్నాడు. 1950 నవంబరు 1న అక్కడనే అతని జీవితం ముగిసినది. అతడు మరణించిన ఆరేండ్లకు, 1956 అక్టోబరులో, సత్యజిత్ రాయ్ తీసిన ‘అపరాజితో’ చిత్రం కలకత్తాలో విడుదలైనది. మొదటి నవలలోని చివరి భాగం, రెండవ నవలలోని తొలి భాగం కలిసి ఈ చిత్రానికి ఆధారమైనవి.

కాశీలో తండ్రి హరిహరుడు మరణించిన తరువాత తల్లి సర్వజయ పిల్లవానిని వెంటబెట్టుకొని వంగదేశంలోని మానసపోత అనే గ్రామం చేరుకొంటుంది. అక్కడ ఆమె పెదతండ్రి వరుస బంధువొకడు పౌరోహిత్యం చేస్తుంటాడు. ఆ వృత్తిని అపూకు నేర్పుతారు. తెల్లవారి పూజ ముగించుకొని వస్తున్న ఆ పసివాడు బడికి పరుగెత్తే తోటిపిల్లలను చూస్తాడు. తానూ చదువుకొంటానంటాడు. కులవృత్తి ఉదయం, చదువు తరువాత అనే ఒప్పందం కుదురుతుంది. ఆ ఒప్పందంలోనే రాబోయే తగవు దాగి ఉన్నది. ప్రధానోపాధ్యాయుడు అతనికి ఒక చిన్న భూగోళపు బొమ్మను బహూకరిస్తాడు. పరీక్షలో జిల్లాకు రెండవవాడై, నెలకు 10 రూపాయల విద్యార్థివేతనం సంపాదించి, ఆ భూగోళాన్ని చేతబట్టుకొని అపూ కలకత్తాకు పోతాడు. అక్కడ రాత్రులు ముద్రణాలయంలో పని, పగలు కళాశాల.

సర్వజయ ఊరిలో ఒంటరిగా ఉండిపోతుంది. దూరాన రైలు కూత వినబడినప్పుడల్లా కొడుకు వచ్చినాడేమోనని చూస్తుంది. జబ్బు సంగతి అతనికి తెలియనీయదు. తెలిస్తే చదువు చెడుతుందని ఆమె భయం. ఒకమారు సెలవులకు వచ్చి తిరిగిపోతూ అపూ రైలును కావాలని వదలివేసి, బండి తప్పిపోయినదని చెప్పి ఇంటికి మరలివస్తాడు. ఆ ఒక్క దినమే అతడు తల్లికి అదనంగా ఇచ్చిన కానుక. చివరకు మిణుగురు పురుగులు మెరిసే ఒక రాత్రి ఆమె మరణిస్తుంది. అపూ వచ్చేసరికి ఇల్లు శూన్యం. ఊరిలోనే ఉండి పౌరోహిత్యం చేసుకొమ్మని పెద్దాయన అంటాడు. పరీక్ష ఉన్నదని, తల్లికి చేయవలసిన కర్మ కలకత్తాలో కాళీఘాట్‌లో చేస్తానని చెప్పి అపూ వెళ్లిపోతాడు.

నవలలో ఇంతకంటె కఠినమైన మాట ఒకటి ఉన్నది. తల్లి మరణవార్త విన్నప్పుడు అపూ మనసులో మొట్టమొదట కలిగినది దుఃఖం కాదు, ఒక విధమైన విముక్తి. విభూతిభూషణుడు ఆ నిజాన్ని దాచలేదు. ఆ ఘట్టమే తనను ఈ నవలవైపు ఆకర్షించినదని రాయ్ అనంతరకాలంలో చెప్పినాడు. చిత్రం విడుదలైనప్పుడు వంగ ప్రేక్షకులు దానిని ఆదరించలేదు. తల్లి పట్ల కొడుకు ఇంత ఎడముగా ఉంటాడా అని వారు నొచ్చుకొన్నారు. 1957లో వెనీస్ చలనచిత్రోత్సవంలో అదే చిత్రానికి అత్యున్నతమైన స్వర్ణసింహం లభించినది. విదేశీయులు ఆదరించినారు కనుక మన ప్రేక్షకులు తప్పినారని తీర్మానించుట సరికాదు. వారు నొచ్చుకొనుటకు కారణం ఉన్నది. పిల్లవాని ఎదుగుదలకు మూల్యం చెల్లించినది తల్లి. ఆమె నోరు విప్పకుండా, లెక్క చెప్పకుండా చెల్లించినది. ఆ సంగతి తమ తమ ఇండ్లలో జరుగుతున్నది కనుకనే ఆ ప్రేక్షకులు తెరమీద దానిని చూడలేకపోయినారు.

రెండవ కథ ఋత్విక్ ఘటక్ తీసిన ‘సువర్ణరేఖ’. 1962లో పూర్తి అయిన ఈ చిత్రం 1965లో గాని విడుదల కాలేదు. దేశవిభజన వలన ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న తూర్పువంగ ప్రజల వేదనను గూర్చి ఘటక్ తీసిన మూడు చిత్రాలలో ఇది చివరిది. 1960లోని ‘మేఘే ఢాకా తారా’, 1961లోని ‘కోమల్ గాంధార్’ తక్కిన రెండు. కలకత్తాలోని శరణార్థుల వాడలో కథ మొదలవుతుంది. ఈశ్వరుడనేవాడు తన చిన్న చెల్లెలు సీతను పెంచుతుంటాడు. తల్లి నుండి వేరుపడిన అభిరాముడనే పసివానిని కూడా చేరదీస్తాడు. సువర్ణరేఖ ఒడ్డున ఒక ఇనుపపోత కర్మాగారంలో ఉద్యోగం దొరకగా పిల్లలిద్దరినీ తీసికొని అక్కడికి పోతాడు.

అక్కడ అభిరాముడు పెరిగి పెద్దవాడవుతాడు. అతనిని జర్మనీకి పంపి ఇంజనీరుగా చదివించవలెనని ఈశ్వరుని కోరిక. అభిరామునికి రచయిత కావలెనని కోరిక. ఈ ఒక్క ఘట్టంలో ఒక యుగమంతా కనబడుతుంది. 1951లో ఖరగ్‌పూర్‌లో మొదటి భారత సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడినది. 1956లో ఆరంభమైన రెండవ పంచవర్షప్రణాళిక కాలంలో భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు లేచినవి. యంత్రాన్ని నడపగల యువకుడే దేశానికి కావలెనన్న మాట ఆనాడు ఇంటింటా వినబడినది. అపూ తరంలో కులవృత్తిని కాదని చదువువైపు పోవడం తిరుగుబాటు. అభిరాముని తరానికి వచ్చేసరికి చదువే పెద్దల ఆజ్ఞ అయినది. ఏ చదువు అన్నదే తగవు. ఇంజనీరు కమ్మని పెద్దలు, వ్రాసుకొంటానని పిల్లలు అనే ఈ వివాదం తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. ఇంజనీరింగు చదువు మీద ఇంతగా ఆశపెట్టుకొన్న ప్రాంతాలు దేశంలో తెలుగునాట కంటె వేరే వెదకవలసిన పని లేదు.

కాని అభిరాముని కథను చదువుల తగవు నడపలేదు. ఒకనాడు రైలునిలయంలో చావుబ్రతుకుల మధ్య పడి ఉన్న స్త్రీని చూచి అతడు తన తల్లిగా గుర్తిస్తాడు. ఆమె బాగ్దీ కులస్త్రీ అని అందరికీ తెలిసిపోతుంది. కర్మాగారంలో తనకు రానున్న భాగస్వామ్యం పోతుందని ఈశ్వరుడు భయపడతాడు. నిన్నటి దాకా కొడుకుగా చూచిన వానిని దూరం చేయజూస్తాడు. సీతకు వేరే పెండ్లి నిశ్చయిస్తాడు. సీత, అభిరాముడు కలకత్తాకు పారిపోతారు. నగరం వారిని అపూను ఆదరించినంత మాత్రం కూడా ఆదరించదు. రచయిత కావలసినవాడు బస్సు నడుపుతాడు. ప్రమాదవశాన ఒక పిల్ల బస్సు క్రిందపడగా జనం అతనిని చంపివేస్తారు. దిక్కులేని సీత గతిలేక నడవరాని దారిలో అడుగుపెట్టిన రాత్రి, త్రాగి వచ్చిన మొదటి విటుడు ఆమె అన్నయే. ఆమె ప్రాణత్యాగం చేస్తుంది.

ఇక్కడ మూల్యం తల్లి ఒక్కతె చెల్లించినది కాదు. పెంచినవాడు, పెరిగినవారు, అందరూ చెల్లించినారు. దేశవిభజన ఒకవైపు, కులం ఒకవైపు, పైకి ఎదగవలెనన్న ఆశ ఇంకొకవైపు లాగగా ఒక తరం నలిగిపోయినది. చిత్రం చివర ఈశ్వరుడు సీత కొడుకు బినూను చేయిపట్టుకొని నది ఒడ్డున కొత్త ఇల్లు వెదుకుతూ నడుస్తాడు. పసివానిని చేరదీసి తెచ్చుటతో మొదలైన కథ పసివానిని వెంట తీసికొనిపోవుటతో ముగుస్తుంది. చేయిపట్టి నడిపించేవాడు మాత్రం ఆ పెద్దవాడే. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. మూడవ కథలో దీనికి బదులు వస్తుంది.

మూడవ కథకు రంగస్థలమైన జంషెడ్‌పూర్ చరిత్రను కొంత తెలిసికొనుట అవసరం. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోటికి సమీపాన ఉన్న సాక్చీ అనే పల్లెను కర్మాగారానికి ఎన్నుకొన్నారు. నీరు, ఇనుపరాయి, బొగ్గు, రైలుమార్గం నాలుగూ అందుబాటులో ఉన్న స్థలం అది. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మె పోతపోసినారు. 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డ్ ఆ పట్టణానికి, 1904లో గతించిన జంషెడ్జీ టాటా పేరు పెట్టినాడు. కాళీమాటి అనే రైలునిలయం టాటానగర్ అయినది. విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, గుళ్లు, మసీదులు, చర్చీలు ఉండే నగరాన్ని జంషెడ్జీ కోరినాడు. ఎనిమిది గంటల పనిదినాన్ని ఆ కర్మాగారం 1912లోనే అమలులో పెట్టినది. దేశం నలుమూలల నుండి పనివారు వచ్చినారు. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. ఆ నగరంలో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడినవి.

దీనికి మరొక ముఖం ఉన్నది. కర్మాగారం లేచిన నేల ఆదివాసుల నేల. సంతాలులు, హోలు, భూమిజులు అక్కడి పూర్వవాసులు. అడవి పోయినది, కొలిమి వచ్చినది. 1920, 1922, 1928 సంవత్సరాలలో కార్మికులు పెద్ద సమ్మెలు చేసినారు. గంట కొట్టగానే లేచుట, గంట కొట్టగానే పనిలో దిగుట, పైవాని మాటకు ఎదురు చెప్పకుండుట అనే కొత్త క్రమశిక్షణ ఆ నగరంలో రూపుదిద్దుకొన్నది. వ్యవసాయంలో సూర్యుడు చెప్పే వేళను ఇక్కడ కర్మాగారపు కూత చెప్పినది. ప్రధాన కర్మాగారం చుట్టూ, ఖర్కాయికి ఆవలి ఒడ్డున ఆదిత్యపూర్ మొదలైన చోట్ల, దానికి విడిభాగాలు చేసియిచ్చే చిన్న కర్మాగారాలు ఎన్నో పుట్టినవి. పెద్ద కర్మాగారంలో కార్మికసంఘం ఉన్నది, నియమాలు ఉన్నవి. చిన్న కర్మాగారంలో యజమాని మాటయే నియమం.

‘ఉడాన్’లోని తండ్రి భైరవసింగ్ అటువంటి చిన్న ఉక్కు కర్మాగారపు యజమాని. కొడుకు రోహన్ సిమ్లాలోని వసతి పాఠశాలలో ఎనిమిదేండ్లు చదివినాడు. ఆ ఎనిమిదేండ్లలో తండ్రి ఒక్కసారి కూడా అతనిని చూడబోలేదు. స్నేహితులతో కలిసి రాత్రివేళ గోడదాటి సినిమాకు పోయినందుకు అతనిని పాఠశాల నుండి వెళ్లగొట్టినారు. ఇంటికి వస్తే, తండ్రి మళ్లీ పెండ్లాడినాడని, ఆమెతో విడిపోయినాడని, తనకు అర్జున్ అనే ఆరేండ్ల తమ్ముడున్నాడని అప్పుడు తెలుస్తుంది. ఇంటిలో నియమాలు కర్మాగారపు నియమాలే. తండ్రిని ‘సర్’ అని పిలువవలెను. తెల్లవారుజామున లేచి తండ్రితో పరుగెత్తవలెను. దినంలో కొంతసేపు కొలిమి దగ్గర పని, కొంతసేపు ఇంజనీరింగు కళాశాల. రచయిత కావలెనన్న కోరికకు ఆ దినచర్యలో చోటు లేదు.

భారతీయ సాహిత్యంలో కఠినుడైన తండ్రి కొత్తవాడు కాడు. కాని పూర్వపు తండ్రి కాఠిన్యానికి ఆచారం అండగా ఉండేది. అతడు శాస్త్రాన్ని, వంశాన్ని, ఊరిని పేర్కొని శాసించేవాడు. ఆ శాస్త్రమూ ఊరూ అతనినీ శాసించేవి. భైరవసింగ్‌కు శాస్త్రం లేదు, ఊరు లేదు. భార్య లేదు, గుడి లేదు, ఇరుగుపొరుగు లేదు. అతనికి తెలిసిన అధికారం ఒక్కటే, కర్మాగారంలో పైవాడు క్రిందివానిపై చెలాయించేది. దానినే అతడు ఇంటికి తెచ్చినాడు. ‘నాన్న’ అనే పిలుపు పోయి ‘సర్’ అనే పిలుపు వచ్చుట వెనుక ఉన్న చరిత్ర ఇదే. ఆ పాత్రను రోణిత్ రాయ్ రాక్షసునిగా నటించలేదు. తాను చేసేది సరియైనదేనని గట్టిగా నమ్మినవానిగా నటించినాడు. అందువలననే ఆ పాత్ర భయం గొల్పుతుంది. ఆ నటనకు అతడు ఫిల్మ్‌ఫేర్ వారి ఉత్తమ సహాయనటుని బహుమతి అందుకొన్నాడు.

ఈ చిత్రానికి పూర్వం హిందీ సినిమాలో ఏమి జరిగినదో జ్ఞాపకం చేసికొనుట మంచిది. 1995లో వచ్చిన ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ దేశమంతటినీ ఆకట్టుకొన్నది. అందులో నాయకుడు ప్రియురాలితో పారిపోవుటకు సమ్మతించడు. ఆమె తండ్రి తనంతట తాను ఆమె చేయి విడిచే దాకా వేచియుంటాడు. విదేశాలలో స్వేచ్ఛగా పెరిగిన యువకుడు కూడా తండ్రి ఆశీస్సులేనిదే అడుగు వేయడన్నది ఆ చిత్రం ఇచ్చిన హామీ. ఆ తరువాత చాలాకాలం ఆ హామీనే పెద్ద చిత్రాలు పదేపదే ఇచ్చినవి. ‘ఉడాన్’ ఆ హామీని తిరస్కరించినది. ఆశీస్సు ఇవ్వలేని తండ్రి కూడా ఉంటాడని, అతని కొరకు వేచియుండుటలో ఒక జీవితమే గడచిపోవచ్చునని అది చెప్పినది.

చిత్రంలో అన్నిటికంటె గుర్తుండే ఘట్టం ఆసుపత్రిలో జరుగుతుంది. అర్జున్ గాయపడి పడకమీద ఉంటాడు. మెట్లమీద నుండి పడినాడని రోహన్‌కు చెప్పినారు. తండ్రి వ్యాపారం పనిమీద కలకత్తా పోతాడు. తమ్మునికి తోడుగా ఉన్న రోహన్ కథలు చెబుతాడు, తన కవితలు వినిపిస్తాడు. క్రమంగా ప్రక్కమంచాల రోగులు, వైద్యులు చుట్టూ చేరి వింటారు. సత్యాంశు సింగ్, దేవాంశు సింగ్ అనే సోదరులు ఆ కవితలను వ్రాసినారు. ఇంటిలో పనికిమాలినదనిపించుకొన్న కవిత్వం, నొప్పితో ఉన్నవారి నడుమ పనికివచ్చినది. ఆ రోజులలోనే నిజం బయటపడుతుంది. అర్జున్ మెట్లమీద నుండి పడలేదు. తండ్రి కొట్టిన దెబ్బలే అవి.

ఇక్కడనుండి కథ మలుపు తిరుగుతుంది. అంతవరకు రోహన్ బాధ తన బాధ మాత్రమే. కవిత్వం కావలెను, ఇంజనీరింగు వద్దు, అంతే. ఇప్పుడు అతని కంటికి తమ్ముడు కనబడతాడు. తాను ఒక్కడు తప్పించుకొంటే ఈ ఇంటిలో మిగిలేది ఎవరు? రోహన్ పరీక్ష తప్పుతాడు. చదువు మానిపించి కర్మాగారంలో నిలువనా పనికి పెట్టవలెనని, అర్జున్‌ను దూరాన వసతి పాఠశాలలో వేయవలెనని, తాను మూడవ పెండ్లి చేసికొనవలెనని తండ్రి నిర్ణయిస్తాడు. కొడుకు వ్రాసుకొన్న పుస్తకాన్ని కాల్చివేస్తాడు. అర్జున్‌ను వసతి పాఠశాలకు పంపుట అంటే రోహన్ కథను మొదటి పుట నుండి మళ్లీ వ్రాయుటయే. పిల్లలను కాపాడబోయిన భైరవుని తమ్ముడు జిమ్మీకి దక్కినది అవమానమే.

చివరకు కొడుకు తండ్రికి ఎదురు తిరుగుతాడు. తండ్రి వెంటబడగా వీధులలో పరుగెత్తుతాడు. ప్రతి ఉదయం తండ్రి గెలిచే పరుగే అది. ఆనాడు మాత్రం కొడుకు అందడు. చిత్రం అక్కడ ముగిసి ఉంటే అది ఒక యువకుని విజయకథ మాత్రమే అయియుండేది. కాని రోహన్ మరునాడు ఉదయం ఆ ఇంటికి తిరిగి వస్తాడు, తమ్మునికోసం. తండ్రి నుండి పెద్దకొడుక్కు వంశక్రమాన వస్తున్న చేతిగడియారాన్ని, ఒక ఉత్తరాన్ని అక్కడ విడిచి, అర్జున్ చేయిపట్టుకొని నడచిపోతాడు. తమ్ముని కొరకు వెంటపడితే కొట్టిన సంగతి బయటపెడతానని ఆ ఉత్తరంలో హెచ్చరిక. గడియారాన్ని విడిచిపెట్టుటలో ఉన్న అర్థం స్పష్టమే. తండ్రి ఇచ్చిన కాలాన్ని అతడు తిరిగి ఇచ్చివేసినాడు. భైరవుని చేత ఆ గడియారం ఎట్లు వచ్చినదో, ఆ కాఠిన్యం కూడా అట్లే వచ్చియుండును. వంశక్రమాన వచ్చే రెండింటినీ రోహన్ ఒకేసారి ఆపినాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. అపూ వెళ్లిపోయినప్పుడు మూల్యం వెనుక మిగిలిన తల్లి చెల్లించినది. అభిరాముడు వెళ్లిపోయినప్పుడు వెళ్లినవారూ మిగిలినవారూ చెల్లించినారు. ఆ శిథిలాల మధ్య పెద్దవాడు పసివాని చేయిపట్టి నడిచినాడు. రోహన్ మాత్రం వెళ్లిపోవుటకు పూర్వం వెనుకకు చూచినాడు. వెనుక మిగిలేవాడు తనకంటె బలహీనుడని తెలిసికొన్నాడు. తన స్వేచ్ఛకు మూల్యాన్ని ఆ పసివానిచేత చెల్లింపజేయుటకు ఒప్పుకోలేదు. ఘటక్ చిత్రంలో ఈశ్వరుడు చేసిన పనిని ఇక్కడ పదిహేడేండ్ల కుర్రవాడే చేసినాడు. ఎదుగుట అంటే ఇల్లు విడుచుట అని అపూ కథ చెప్పినది. ఇల్లు విడుచునప్పుడు ఎవరిని విడువరాదో తెలిసికొనుట అని రోహన్ కథ చెప్పినది.

ఐతే ‘ఉడాన్’ చూపనివి కూడా ఉన్నవి. అందులో తల్లి లేదు. రోహన్ తల్లి మరణించినది, అర్జున్ తల్లి వెళ్లిపోయినది. ఆమె ఎందుకు వెళ్లినదో ఊహించవచ్చును గాని, ఆ కథ ఆమె నోట వినబడదు. అపూను ఇంటికి కట్టివేసిన బంధం తల్లి ప్రేమ. అటువంటి బంధం రోహన్‌కు లేదు కనుక అతని నిష్క్రమణ కొంత సులభమైనది. ఘటక్ కథకు కేంద్రమైన కులం ఇక్కడ ప్రస్తావనకే రాదు. తండ్రి కర్మాగారంలో పనిచేసేవారు వెనుక నీడలవలె కదలుతారు. యజమాని కొడుకు కొలిమి దగ్గర నిలుచుట శిక్ష అయితే, వారు జీవితమంతా అక్కడనే నిలుచుట ఏమగును? సాక్చీ పూర్వవాసుల జాడ అసలే లేదు. 2000 నవంబరులో జార్ఖండ్ ప్రత్యేకరాష్ట్రమైనది ఆ ప్రజల పేరుననే. వారి ఇండ్లలో ఇమడని పిల్లవాని కథ ఈ మూడు చిత్రాలలో ఏదీ చెప్పలేదు.

ఇంకొకటి. అపూ నెలకు 10 రూపాయలతో ఎట్లు బ్రతికినాడో రాయ్ చూపినాడు. అభిరాముని బ్రతుకుతెరువు ఏమైనదో ఘటక్ చూపినాడు. ఇద్దరు పిల్లలు ముంబయిలో ఏమి తిని ఎట్లు బ్రతికినారో మోత్వానే చూపలేదు. వారు వీధివెంట నడచిపోవుటతో చిత్రం ముగుస్తుంది. అభిరాముని గతి తెలిసినవారికి ఆ ముగింపు చూచినప్పుడు సంతోషంతోపాటు కొంత బెంగ కూడా కలుగుతుంది. నగరం ఎవరినీ ఊరకే ఆదరించదు.

అయినను, 1956లో తమ ఇంటి నిజాన్ని తెరమీద చూచి నొచ్చుకొన్న ప్రేక్షకులకు, 2010 నాటి ప్రేక్షకులకు నడుమ కొంత దారి గడచినది. ఆనాడు కొడుకు తల్లికి ఏమి బాకీపడినాడన్నది ప్రశ్న. ఈనాడు తండ్రి కొడుక్కు ఏమి బాకీపడినాడని కూడా అడుగుతున్నారు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. రెండవది అడిగినందువలన మొదటిది తీరిపోదు. మానసపోతలో రైలు కూత కొరకు చెవియొగ్గి కూర్చున్న సర్వజయకు బదులు చెప్పవలసిన బాధ్యత ఎగిరిపోయిన ప్రతి కొడుకుపైనా ఉన్నది. జంషెడ్‌పూర్ వీధిలో తమ్ముని చేయిపట్టుకొని నడచిన కుర్రవాడు ఆ బాకీలో కొంత, ఆమెకు కాకపోయినా, ఒక పసివానికి చెల్లించినాడు.